నాలుగో పోస్టు జీపు

2010 జూన్ మొదటి వారంలో నాలుగో పోస్టులో రిపోర్టు చేశాను. ఉదయం ఆరున్నర. మబ్బు పట్టి ఉంది, వాన లేదు. విమానాశ్రయం ప్రహరీకి బయట రాళ్ల గుట్ట, దాని మీద రేకుల గది, ఇసుక బస్తాలు పేర్చిన కాపలా మోర్చా, ఒక టవర్. నా కిట్టులో రెండు జతల యూనిఫారం, బూట్లు, రెయిన్‌కోటు, టార్చి, అమ్మ ఇచ్చిన అరచేతంత దేవుడి పటం. నాకు అప్పగించింది ఒక పాత ఫోర్‌వీల్ జీపు.

పోస్టు నుంచి శంషాబాద్ దవాఖానకు పదకొండు కిలోమీటర్లు. అందులో ఆరు మట్టి దారి. పోస్టు హవల్దార్ మొదటి రోజే చెప్పాడు.

“ఎవరికేమైనా ఈ బండే దిక్కు. గిది ఆగొద్దు. గంతే నీ డ్యూటీ.”

సిపాయి ఉద్యోగం అంటే మీరు మంచు కొండలు అనుకుంటారు. నా పోస్టు మా కొత్వాల్‌గూడ ఇంటికి ఏడు కిలోమీటర్లు. నేను బడికి పోలేదు. అమ్మ ఇంట్లోనే అక్షరాలు చెప్పింది. వాకిట్లో ట్రాక్టర్లు విప్పుతూ బాపు ఇంజన్ చెప్పాడు. పదో తరగతి ప్రైవేటుగా రాసి భద్రతా దళంలో డ్రైవరుగా చేరాను. అన్నం పెట్టిన ఆ రెండు చదువులనూ తలచుకోకుండా నేను ఏ పూటా ముద్ద నోట్లో పెట్టుకోలేదు.

దసరాకు పోస్టులో ఆయుధపూజ చేశాం. వానాకాలమంతా ఒక్కసారి కూడా మొరాయించని బండి. నా మనసు నిండిపోయి ఉంది. పసుపు చిక్కగా కలిపి స్టీరింగుకు, బానెట్టుకు, చక్రాలకు, చివరికి డీజిల్ ట్యాంకు మూతకు కూడా మెత్తాను. బండి అన్నం తినే నోరు అదే అనేవాడు బాపు.

టవర్ డ్యూటీ సిపాయి పైనుంచి చూసి నవ్వింది. గోదావరి వైపు పిల్ల, ఇరవై రెండేళ్లు.

“ఏంటక్కా, జీపుకి నలుగు పెడుతున్నావా? ఇంతకీ పెళ్లికొడుకెవరు?”

“హవల్దార్ సాబ్ స్కూటర్.”

“అయ్యో, ఆ ముసలాడికిస్తావా మన పిల్లని!”

పది రోజులు దగ్గర పనులకే తిరిగాక, మొదటి దూరం పెట్రోలింగులో జీపు ఆగింది. ఇరవై నిమిషాలు నడిచి, దగ్గి, చచ్చిపోయింది. కాసేపు ఊరుకుంటే మళ్లీ స్టార్టయింది. మర్నాడూ అంతే. హవల్దార్ ఆదివారం బండిని మా ఇంటికి తీసుకుపోయి బాపుకు చూపించమన్నాడు.

ఉదయం ఎనిమిదికి వాకిట్లో మొదలుపెట్టాం. ట్యాంకులో పుల్ల ముంచి డీజిల్ చూశాం. మూత పిట్టగోడ మీద పెట్టి, ట్యాంకు నోటికి గుడ్డ కప్పాం. ఫిల్టరు విప్పాం. కొంచెం మడ్డి ఉంది. కొత్తది వేశాం. పైపులు ఊదాం. చేతి పంపు కొట్టి లైనులో గాలి తీశాం. ఇంజన్ స్టార్ట్ చేసి వదిలేశాం. రెండు గంటలు ఒక్క దగ్గు లేదు. అప్పుడు మూత బిగించాను.

“గంత మడ్డికి బండి ఆగదు బిడ్డా,” అన్నాడు బాపు. “అసలు కారణం ఇంక దొరకలె. ఇంకో పూట ఉంచు.”

“రెండు గంటలు నడిచింది కద బాపు. రేపు డ్యూటీ ఉంది.”

పోస్టుకు చేరగానే హవల్దార్ అడిగాడు. “ఏమ్మా, ఒక్కటే మాట చెప్పు. ఫిట్టా, కాదా?”

“ఫిట్ సాబ్.”

సోమ, మంగళవారాల్లో బండికి దూరం పని పడలేదు. బుధవారం సాయంత్రం ఐదూ ఇరవై. టవర్ దిగి వస్తున్న పిల్లను గడ్డిలో రక్తపింజర కరిచింది. ఎడమ కాలు, బూటుకు పైన. నేను వైర్‌లెస్ సెట్టు అందుకున్నాను.

“కంట్రోల్, నాలుగో పోస్టు. పాము కరిచింది. ఒకరికి.”

“నాలుగో పోస్టు, అంబులెన్సు పంపాల్నా? నలభై నిమిషాలు పడ్తది. మీరే తెస్తరా?”

హవల్దార్ నా వైపు చూశాడు.

“నేనే తెస్తా,” అన్నాను. “బండి ఫిట్.”

ఐదూ నలభై ఆరుకు ఇటుక బట్టీ దాటాక జీపు ఆగింది. వెనక సీట్లో హవల్దార్ ఆమె కాలు కదలకుండా పట్టుకున్నాడు. గాలి తీశాను. స్టార్టయింది. ఐదు నిమిషాలకు మళ్లీ ఆగింది. మళ్లీ గాలి తీశాను. ఈసారి రెండు నిమిషాలు కూడా నడవలేదు. నాకు తెలిసిందంతా ఫిల్టరు దగ్గరే. ట్యాంకు వైపు వెళ్లనేలేదు.

“కంట్రోల్, జీపు ఆగింది. అంబులెన్సు పంపండి.”

“జర ఓపిక పట్టున్రి. బయల్దేరింది.”

ఆరూ యాభైకి వచ్చింది. నాలుగో రోజు ఆమె పోయింది. మూత్రపిండాలు చెడిపోయాయన్నారు. విషానికి విరుగుడు మందు ఆలస్యంగా పడిందన్నారు.

జీపును తాడు కట్టి మళ్లీ మా వాకిట్లోకే లాక్కొచ్చారు. బాపు మూత తిప్పాడు. ట్యాంకు ఉస్సుమని గాలి పీల్చుకుంది. ఆయన మూతను ఎండకు పట్టి చూశాడు. దానిలో సూది మందం బెజ్జం ఉంటుంది. డీజిల్ తగ్గేకొద్దీ ఆ బెజ్జం గుండా గాలి లోపలికి పోవాలి. పోకపోతే డీజిల్ ఇంజనుకు రాదు. బెజ్జం నిండా ఎండిన పసుపు. వాకిట్లో మేము మూత తీసి నడిపాం కాబట్టే రెండు గంటలు నడిచింది.

“గిది ఎవరు పెట్టిన్రు బిడ్డా?”

“నేనే బాపు.”

ఆయన అమ్మను సూది అడిగాడు. బెజ్జంలో పసుపు పొడిచి తీశాడు.

జరిగినదంతా కాగితం మీద రాసి హవల్దార్‌కు ఇచ్చాను. చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. “ఆనాడు కొబ్బరికాయ కొట్టింది నేనే గదమ్మా,” అన్నాడు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. వాళ్లందరికీ నేను కృతజ్ఞురాలిని. కానీ ఎవరైనా అని ఉంటే బాగుండేది.

2012లో ఉద్యోగం వదిలి ఇల్లు చేరాను. ఇప్పుడు ఈ వాకిట్లో ఎవరి బండి ఆగినా మొదట మూతే తీస్తాను.

ఒక్కటి మాత్రం ఇంట్లో కూడా చెప్పలేదు. ఆ సాయంత్రం రెండోసారి గాలి తీశాక ఇంజన్ అందుకుంది. బానెట్ దించి తల ఎత్తాను. అద్దం వెనక ఆ పిల్ల చెమటతో తడిసిన ముఖంతో నన్నే చూస్తోంది. చిగుళ్ల నుంచి నెత్తురు కారుతోంది. రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టింది.

నేను పూజ మానలేదు. రోజూ దీపం పెట్టి చేతులు జోడిస్తాను. కళ్లు మూసుకోగానే దేవుడి కంటే ముందు ఆ చేతులు కనిపిస్తాయి.