సిందూరం కింద చెమ్మ

మా మేనమామ పోయాడు. కోరుట్లలో, తన ఇంటి ముందు, తన కారులోనే కూర్చుని పోయాడు. పొద్దున్నే పక్కింటి చాచా నాకు ఫోన్ చేశాడు. వాళ్ళింట్లో మాట్లాడుకునేది ఉర్దూ అయినా మా ఇంటి మంచిచెడ్డలన్నీ ఆయన తెలుగులోనే చెబుతాడు. "బిడ్డా, జల్ది రా. మీ మామ కార్ల కూసున్నడు, ఇంజన్ నడుస్తనే ఉన్నది, ఆయన పలుకుతలేడు" అన్నాడు. ఆ గొంతులోనే నాకు సంగతి తెలిసిపోయింది. అయినా సిరిసిల్ల నుంచి కోరుట్ల చేరేదాకా, వెళ్ళి గట్టిగా పిలిస్తే పలుకుతాడేమో అనే ఆశ నన్ను వదల్లేదు.

ఆయన గురించి పదిమంది చదివేలా రాస్తున్నానంటే ఆయనే నవ్వేవాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరయిన మనిషి. జీవితమంతా టికెట్లు కొట్టినా, డ్రైవరు వెనక అన్నేళ్ళు నిలబడ్డాను కాబట్టి ఇంజన్ గురించి నాకు తెలియనిది లేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకం మాకెవరికీ లేదు. ఇంట్లో మిక్సీ పాడైనా, మోటారు పాడైనా తనే విప్పేవాడు. విప్పినవాటిలో కొన్ని మళ్ళీ నడిచేవి. నడవనివాటిని గుడ్డలో మూటగట్టి మంచం కింద పెట్టి, "దానికి రెస్టియ్యాలె" అనేవాడు. మేం నవ్వితే ఆయనా నవ్వేవాడు. అంత తేలిగ్గా తన మీద తాను నవ్వుకోగల పెద్దమనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆయనకు పిల్లల్లేరు. నేను ఆయన చెల్లెలి బిడ్డను. మా అమ్మ పోయాక నా పెళ్ళి, నా బట్టల దుకాణం, నా పేచీలు అన్నీ ఆయన నెత్తినే పడ్డాయి. ఒక్కనాడు కూడా బరువన్నట్టు చూడలేదు. ఆ రుణం ఇలా నాలుగు మాటలు రాస్తే తీరేది కాదని నాకు తెలుసు.

మా అత్తకు కిడ్నీలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు జగిత్యాలలో డయాలసిస్. బస్సులో పోవచ్చు, వచ్చేటప్పుడే కష్టం. మిషను మీద నుంచి లేచాక ఆమెకు కళ్ళు తిరుగుతాయి, వాంతులవుతాయి, పడుకోవాలి. అందుకని మామ ఒక పాత తెల్ల కారు కొన్నాడు. ఆమె వంతు ఒక్కటి తప్పితే ఒళ్ళు ఉబ్బుతుంది, ఊపిరి బరువవుతుంది. రెండు తప్పితే ఏమవుతుందో డాక్టరు చెప్పలేదు, మేం అడగలేదు. ఆ కారు నడిచినన్నాళ్ళే అత్త అని మా అందరికీ తెలుసు. పైకి ఎవరూ అనేవాళ్ళం కాదు.

ఆంజనేయస్వామి అంటే మామకు ప్రాణం. ఏటా జయంతికి కారును కొండగట్టుకు తీసుకుపోయి పూజ చేయించేవాడు. అందరూ బండి ముందు కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి దిగొస్తారు. ఈయనకు అది చాలదు. బానెట్ లేపి, నూనెలో కలిపిన సిందూరాన్ని ఇంజన్ నెత్తిమీది మూతకు దట్టంగా పూసేవాడు. "నడిచేది ఇంజన్ గదా, చక్రాలకు బొట్టు పెడితె ఏమొస్తది?" అని వాదన. ఏటేటా పూసిన సిందూరం పేరుకుపోయి, ఆ మూత ఒక చిన్న గుడిలోని విగ్రహంలా తయారైంది. దాన్ని ఎవరూ తుడిచేవాళ్ళు కాదు. స్వామి మీది సిందూరాన్ని మసిగుడ్డతో తుడిచే ధైర్యం మా ఇంట్లో ఎవరికుంది?

ఈ ఏడు జయంతి అయ్యాక కారు కింద బండల మీద మరక కనిపించింది. నల్లగా, అంచున ఎర్రగా ఉంది. మామ వంగి చూసి, "స్వామి నూనె. ఎండకు కరిగి కారుతుంది" అన్నాడు. అత్త ఆ మరక అంచున వేలు పెట్టి కళ్ళకద్దుకుంది. ఆ పూట నేనూ అక్కడే ఉన్నాను. నాకూ అది సబబుగానే తోచింది.

మరక మాత్రం రోజురోజుకీ వెడల్పయింది. జగిత్యాల దారిలో మేడిపల్లి దాటుతుండగా కారులో మాడు వాసన మొదలైంది. ముందు లారీ పొగ అనుకున్నారు. ఒకనాడు ముందు లారీ లేదు, వాసన మాత్రం ఉంది. బానెట్ సందుల్లోంచి సన్నటి పొగ లేచింది. వెనక సీట్లో అత్త పడుకుని ఉంది. మామ బండి పక్కకు ఆపి, ఆయిల్ కొలిచే కడ్డీ బయటకు లాగి చూస్తే దాని కొసకు కూడా తడి లేదట. ఇంకాస్త దూరం పోయుంటే ఇంజన్ బిగుసుకుపోయేది. ఎండలో, ఆ రోడ్డు మీద, ఆ మనిషిని పెట్టుకుని. ఆ సంగతి నాకు చెప్పేటప్పుడు మొదటిసారి ఆయన తన మీద తాను నవ్వుకోలేదు.

షెడ్డులో చూపిస్తే బండి వదిలిపెట్టి పొమ్మన్నారు, ఎప్పుడిస్తారో చెప్పలేమన్నారు. వదిలితే అత్త వంతు తప్పుతుంది. మామ ఆయిల్ డబ్బా కొనుక్కుని ఇంటికొచ్చేశాడు. "మనమే జేస్కుందాం" అన్నాడు. ఆ మాటంటే మాకు భయం. మిక్సీకి రెస్టు ఇచ్చినట్టు దీనికి ఇవ్వడానికి లేదు కదా!

ముందు చక్రాలు రెండూ నాపరాళ్ళ దొంతి మీదికి ఎక్కించి, ఆయన కిందికి దూరాడు. ఆయన కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబరు నుంచి చుక్కలు పడుతున్నాయి కాబట్టి దాని బోల్టులే వదులయ్యాయని ఆయన లెక్క. ఒక్కొక్కటీ బలం కొద్దీ బిగిస్తున్నాడు. బిగించినప్పుడల్లా కారు సన్నగా ఊగింది. అత్త గడపలో కూర్చుని ఆ రాళ్ళ వంకే చూస్తోంది. "ఇగ చాలు, బయటికి రా" అని అంటూనే ఉంది. రాళ్ళు కదల్లేదు. ఆయన బాగానే బయటికొచ్చాడు. వచ్చి, మెట్టు మీద కూర్చుని ఎడమచేయి ఒత్తుకున్నాడు. బనియను తడిసి ముద్దయింది.

"ఏమైంది మామా?" అన్నాను.

"ఏం లేదు బిడ్డా. బోల్టులు గట్టిగ బిగిచ్చిన గదా, రెక్క గుంజుతుంది."

అదీ సబబుగానే తోచింది. అయిదు పదుల మనిషి కాదు, ఆ వయసులో కారు కింద దూరితే చేయి లాగదా? అత్త నొప్పికి జిందాతిలిస్మాత్ మందు రాసింది. నేను టీ పెట్టాను. పొద్దుటికి బండ మీద మళ్ళీ మరక ఉంది.

అప్పుడు చాచా వచ్చాడు. బానెట్ లేపించి, చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూశాడు. "కింద బిగిస్తె ఏం ఫాయిదా భయ్యా? మీదికెల్లి కారినా చుక్క కిందనే పడ్తది. మొత్తం సాఫ్ జేసి, ఇంజన్ నడిపి, ముందుగాల ఏడ తడి అయితదో జూడాలె" అన్నాడు. మామ గుడ్డ అందించాడు. చాచా తీసుకోలేదు. సిందూరం వైపు చూపించి, "గది నీ దేవునిది. నా చెయ్యి పెట్టను. నువ్వే తీయ్" అన్నాడు. అంత మర్యాదగా ఒకరి దేవుణ్ణి ఇంకొకరు పక్కకు జరపమనడం నేను అక్కడే చూశాను.

మామ స్నానం చేసి వచ్చాడు. కొత్త తువ్వాలు చించి, దండం పెట్టుకుని, ఆ సిందూరాన్ని మెల్లగా తుడిచాడు. పొరలు పొరలుగా ఊడొచ్చింది. ఊడొచ్చిన దాన్ని నిమ్మచెట్టు మొదట్లో పెట్టించాడు. దాని కింద, మూత అంచు పొడుగునా చెమ్మగా, నల్లగా ఉంది. ఇంజన్ నడిపితే మూత కిందున్న రబ్బరు ప్యాకింగు పగుళ్ళలోంచి ఆయిల్ సన్నగా ఊరి, కాలే పైపు మీదికి జారుతోంది. ఎన్నాళ్ళ నుంచో కారుతూ ఉండాలి. పైన సిందూరం ఉండడంతో ఎవరికీ అనుమానం రాలేదు. మామ ఆ తువ్వాలు ముక్కతోనే చేతులు తుడుచుకున్నాడు. "స్వామిని అడ్డం పెట్టుకోని కండ్లు మూస్కున్నం" అని మాత్రం అన్నాడు.

ఇంజన్ చల్లారాక ఆ సాయంత్రమే కొత్త ప్యాకింగు వేశారు. మామ పట్టుకుంటే చాచా బిగించాడు. మర్నాడు బండ పొడిగా ఉంది. అత్త ఆ చోట ముగ్గు వేసింది. మేమందరం సంబరపడ్డాం. మామ మాత్రం గోడకానుకుని చెయ్యి ఒత్తుకుంటూనే ఉన్నాడు.

"బోల్టులు బిగిచ్చి ఇన్ని దినాలాయె, ఇంక గుంజుతదా? ఎట్లాగు దవాఖానకే పోతున్నం, జర జూపిచ్చుకో" అని అత్త వారం తరవాత కూడా పోరుపెట్టింది.

"జూపిచ్చుకుంటె నన్ను దవాఖానల పండవెడ్తరు. గప్పుడు నిన్నెవలు తీస్కపోతరే?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అత్త మాత్రం నవ్వలేదు.

ఆ తరవాత ఆయనకు ఉన్నట్టుండి నా డ్రైవింగు మీద పట్టింపు మొదలైంది. నా దుకాణానికి సెలవైన రోజున నన్ను పిలిపించి, కోరుట్ల నుంచి జగిత్యాల దాకా నాచేతనే తోలించాడు. గతుకులు ఎక్కడున్నాయో చూపించాడు. వాంతి వస్తే ఆపడానికి నీడ ఏ పక్కనుందో చూపించాడు. ఆసుపత్రిలో ఏ గేటు నుంచి పోతే ఆమెకు నడక తక్కువో చూపించాడు. "నాకెందుకివన్నీ, నువ్వున్నవు గదా" అన్నాను. "నేర్సుకుంటె ఏం పాయె" అన్నాడు. నాకు అనుమానం వచ్చింది. దాన్ని మాటల్లో పెట్టే ధైర్యం చేయలేదు.

ఆయన పోయింది అత్త వంతు ఉన్న రోజునే. బండి స్టార్టు చేసి కూర్చున్నాడు. అత్త తాళం వేసి, సంచి తీసుకుని వచ్చి, కునుకు తీస్తున్నాడనుకుని భుజం తట్టిందట. డాక్టరు వచ్చి గుండె అన్నాడు. చాన్నాళ్ళ నుంచే నొప్పి ఉండుంటుంది అన్నాడు. అత్త తల ఊపింది.

దహనం ఆ సాయంత్రం జరిగింది. ఆ వంతు తప్పిపోయింది. పొద్దునకల్లా అత్త మొహం ఉబ్బింది. నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. వరుసకు పెద్దమ్మ ఒకామె, "మొగడు పోయిన ఆడిది పది దినాలు గడప దాటొద్దు" అని తలుపు దగ్గర పీట వేసుకుని కూర్చుంది. చెడ్డ మనిషి కాదు, ఆమెకు తెలిసింది అది. అత్తకూ వెళ్ళే ఆలోచన లేదు. గోడ వైపు తిరిగి, "ఇగ నాకెందుకు బిడ్డా గివన్ని" అంది. నేను ఏడ్చాను, బతిమాలాను, అరిచాను కూడా. ఉలకలేదు. ఒకే ఇంట్లోంచి వెంటవెంటనే రెండు పాడెలు లేస్తాయని నాకు ఖాయంగా అనిపించింది.

మధ్యాహ్నం కావస్తుండగా ఆమె తనంతట తానే లేచింది. పెద్దమ్మ అడ్డం లేవబోతే ఆమె చెయ్యి పట్టుకుంది. "అక్కా, గాయిన నొప్పి పెట్టుకోని గుడ నన్నే తీస్కపోయిండు. తన సంగతి జూస్కోలే. ఇప్పుడు నేను గోడకు తిరిగి పంటె, గాయిన ఉత్తగనే సచ్చినట్టు గాదా?" అంది. అంతసేపు మాట్లాడినందుకు ఆయాసపడుతూ గడప పట్టుకుని నిలబడింది. పెద్దమ్మ పీట పక్కకు జరిపింది.

నేను కారు తలుపు తీసి కూర్చున్నాను. నేను తోలినప్పుడు జరుపుకున్న సీటు మళ్ళీ ఆయన పొడవుకు తగ్గట్టు వెనక్కి ఉంది. నా కాలు క్లచ్చుకు అందలేదు. జరిపితే ఆయన కూర్చున్న చోటు ఇక ఉండదు. అందుకని సీటు అంచున కూర్చుని, కాలు సాచి తొక్కబోయాను. జారింది. మళ్ళీ తొక్కాను. ముందు సీట్లో, నా పక్కన కూర్చున్న అత్త చూస్తూ ఉంది.

"ముందటికి జరుపుకో బిడ్డా. కాళ్ళందకుంటె ఎట్ల తోలుతవు?" అంది.

కింద ఉన్న కడ్డీ పట్టుకుని లాగాను. సీటు కిర్రుమంటూ, ఆగి ఆగి ముందుకొచ్చింది. ఆ చప్పుడు ఆగేదాకా అత్త కళ్ళు మూసుకుంది. తరవాత తెరిచి, ఉబ్బిన చేత్తో తన బెల్టు తానే పెట్టుకుంది.