లింగయ్య చెక్కని తలుపు

పద్నాలుగేళ్లుగా ఒక మనిషి బరువు మోస్తున్నాను. అసలు పుట్టనే పుట్టని మనిషి. నేనే పుట్టించాను. ఈ సంగతి మా ఆయనకు చెప్పలేదు, నా ప్రాణ స్నేహితురాలికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

నవ్వొస్తే నవ్వండి. నాకూ చాలాసార్లు వచ్చింది.

మా బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. నేను ఎమ్మే చదవడానికి హైదరాబాద్ వెళ్లి, ఆదివారాలు అక్కడ ఒక పెద్ద మ్యూజియంలో బడిపిల్లలను తిప్పి చూపించే పనికి కుదిరాను. ఆ పనంటే నాకు పిచ్చి ఇష్టం. ఒక ఆదివారం మెట్‌పల్లి దగ్గరి సర్కారు బడి నుంచి బస్సు వచ్చింది. నలభై మంది పిల్లలు. పాలరాతి బొమ్మలు, పింగాణీ కూజాలు, తివాచీలు చూపించాను. ఇది ఇటలీది, ఇది చైనాది, ఇది పర్షియాది. పిల్లలు బుద్ధిగా తలలూపారు. తర్వాత ఆవలించారు. అప్పుడు ఎనిమిదో తరగతి పిల్ల మౌనిక నా చున్నీ పట్టుకుని లాగింది.

"అక్కా, గిన్ని ఉన్నయి గదా. గిండ్ల మనోళ్లు చేసింది ఒక్కటన్న లేదా?"

ఆ గదుల్లోకి మొదటిసారి వచ్చినప్పుడు నేనూ అదే అడగబోయి, సిగ్గుపడి ఊరుకున్నాను. ఎదురుగా ఒక పెద్ద చెక్క తలుపు ఉంది. దాని నిండా చిలుకలు, తీగలు. పక్కన చీటీ మీద 'చేసినవారు తెలియదు' అని ఉంది. నేను ఆ చీటీకి అడ్డంగా జరిగి నిలబడ్డాను. కావాలనే నిలబడ్డాను. ఆ ముక్క మీ దగ్గర దాచకూడదు.

"ఎందుకు లేదు? గీ తలుపు మనదే. మెట్‌పల్లి దిక్కు వడ్ల లింగయ్య అని ఒక వడ్రంగి ఉండె. గాయిన చేసిండు."

"మా మెట్‌పల్లోడా!" అని మౌనిక వేసిన కేకకు కాపలా మనిషి పరుగెత్తుకొచ్చాడు.

నలభై మందీ ఆ తలుపు మీదికి ఎగబడ్డారు. చిలుకలను లెక్కపెట్టారు, లెక్క కుదరక పోట్లాడుకున్నారు, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టారు. ఆ తర్వాత వాళ్లే నన్ను వెనక్కి లాక్కుపోయారు. ఇటలీ బొమ్మను ఎవరు చెక్కారు, ఎన్ని రోజులు పట్టింది, ముక్కు విరిగితే ఏం చేస్తారు? అంత సంతోషమైన మధ్యాహ్నం నా జీవితంలో మరొకటి లేదు. వెళ్లేముందు వాళ్ల సారు నోటు పుస్తకం తీసి, లింగయ్య పేరు రాసుకుంటూ అడిగారు, నిజమేనా అమ్మా అని. అప్పుడు ఒక్క మాట సరిపోయేది. నిజమే సార్ అన్నాను.

మరుసటి ఏడాది బడి వార్షికోత్సవంలో లింగయ్య నాటకం వేశామని ఆయన ఉత్తరం రాశారు. చాలా సంతోషం అని జవాబు రాశాను. సంతోషమూ నిజమే. అదే నాకు అర్థం కాదు. తప్పు చేసినవాళ్లకు అంత ఆనందం ఉండొచ్చా?

పిల్లల కోసమే చేశానని ఇన్నేళ్లూ చెప్పుకున్నాను. కానీ జవాబు తెలియని అక్కగా నిలబడటం ఇష్టం లేకపోయింది కదా? నలభై జతల కళ్లు ఒక్కసారిగా మెరిసి నా వైపు తిరిగితే బాగుంది కదా? ఆ చిలుకలను నిజంగా చెక్కినవాడు ఒకడు ఎక్కడో ఉండే ఉంటాడు. అతని పేరు ఎప్పుడో పోయింది. ఖాళీ చోటు ఒక్కటే మిగిలింది. నేను దాన్ని కూడా లేనివాడికి ఇచ్చేశాను.

మొన్న పెళ్లికని మెట్‌పల్లి వెళ్తే, బజారులో 'లింగయ్య చెక్కపని' అన్న బోర్డు కనిపించింది. లోపల జుట్టు నిండా రంపపు పొట్టుతో ఒక అమ్మాయి తలుపు చెక్కుతోంది. మౌనిక. నన్ను గుర్తుపట్టి ఉలి పడేసి లేచింది. చాయ్ తెప్పించింది. ఆ తలుపు చూసినంకనే ఉలి పట్టిన అక్కా అంది. లింగయ్య గురించి నేను కల్పించని సంగతులు నాకే చెప్పింది. ఆయనది ఎడమచేతి వాటమట. టేకు తప్ప వేరే కట్టె ముట్టేవాడు కాదట. పక్క వీధి తాత చిన్నప్పుడు ఆయన్ను కళ్లారా చూశాడట! నవ్వు ఆపుకోలేక చాయ్ చీర మీద ఒలకబోసుకున్నాను. తనూ నవ్వింది, ఎందుకో తెలియకుండానే. ఆమె చెక్కిన చిలుకలు ఎంత బాగున్నాయో ఎలా చెప్పను.

వచ్చే నెల, తన దగ్గర పని నేర్చుకుంటున్న ఆడపిల్లలను ఆ తలుపు చూపించడానికి హైదరాబాద్ తోలుకపోతదట. వాళ్లు చీటీ చదువుతారు. అయినా నోరు విప్పలేకపోయాను.

ఇంటికొచ్చి మౌనికకు ఉత్తరం రాశాను. లింగయ్య అనే మనిషి లేడు, ఆ పేరు అప్పటికప్పుడు నా నోటికొచ్చింది, ఆ తలుపు ఎవరు చేశారో నాకు తెలియదు, పిల్లల ముందు తెలిసేకంటే ముందే నీకు తెలియాలి. అంతే. క్షమించమని రాయలేదు. అడిగితే, క్షమించే పని కూడా ఆమె మీదే వేసినట్టవుతుంది. బోర్డు ఉంచుతుందో దించుతుందో, నన్ను మళ్లీ అక్కా అంటుందో లేదో ఆమె ఇష్టం.

నిన్న పోస్టు చేశాను. వెనక్కి నడుస్తుంటే కాళ్లు తేలిగ్గా పడ్డాయి. బత్తాయిలు అమ్మే ఆమెను, ఏమీ కొనకుండానే ఆగి పలకరించాను.