తిమ్మమ్మ మెడ

ఆత్మకూరు పక్క పల్లెలో ఉండే తిమ్మమ్మకు జాగ్రత్త ఎక్కువ. బస్సెక్కాల్సిన రోజున మెడలోని బంగారు పుస్తెలు తీసి జొన్నల కుండలో దాచి, పసుపుతాడుకు పసుపు కొమ్ము కట్టుకుని బయల్దేరేది. బోసి మెడ మొగుడికి మంచిది కాదు, బంగారమున్న మెడ బస్సుకు మంచిది కాదు. రెండు భయాలకూ ఒక్క కొమ్ము సరిపోయేది.

2006 వేసవిలో, నెలలు నిండిన కూతురు మాలతి దగ్గరికి పోదామని ఆమె ఆత్మకూరులో వనపర్తి బస్సెక్కుతుంటే, ఎవడో వెనక నుంచి ఆ తాడు పుటుక్కున తెంపుకుని గుంపులో మాయమయ్యాడు.

తిమ్మమ్మ దొంగ దొంగ అని అరిచింది. బస్సులో ఉన్నవాళ్లంతా కిందికి దిగారు.

"ఎన్ని తులాలమ్మా?" అడిగాడు కండక్టర్.

"పసుపు కొమ్ము."

అందరూ మళ్లీ ఎక్కి ఎవరి సీట్లలో వాళ్లు కూర్చున్నారు.

"నష్టం నీకా, వానికా?" అంటూ కండక్టర్ విజిల్ వేశాడు.

ఆమె ప్రయాణం మానుకుని ఇల్లు చేరి సంగతి చెప్పగానే, ఎడ్లకు మేత వేస్తున్న భర్త మద్దిలేటి ఆ పని వదిలేసి మంచమెక్కాడు.

"నీకేమైంది?"

"ఏం గాలే. అయితదేమోనని పండుకున్న."

కొత్త తాడు పడేదాకా లేవనన్నాడు. కట్టాల్సింది తానే కాబట్టి చివరికి లేచాడు.

ఆయన లేచాడు గానీ, తిమ్మమ్మ చేయి మాత్రం మెడ మీది నుంచి దిగలేదు. ఒక చేత్తో రొట్టె చేసేది, రెండో చేత్తో మెడ కాసేది. వెనక ఎవరు దగ్గినా ఉలిక్కిపడేది. పరామర్శకు వచ్చినవాళ్లు పోయింది కొమ్మేనని తెలిసి, కాస్త నిరాశగా చాయ్ తాగి పోయారు.

"రెండు తులాలన్న పోతె ఏడ్చినందుకు ఒక అర్థముండు అక్కా" అంది పక్కింటి సావిత్రమ్మ.

"వాని చెయ్యి ఇంకా నా మెడ మీదనే ఉన్నట్టుంది సావిత్రీ" అంది తిమ్మమ్మ. సావిత్రమ్మ లేచి వచ్చి ఆ మెడ తేరిపార చూసింది. ఏమీ లేదని చెప్పి పోయింది.

అంతలో మాలతి వనపర్తి దవాఖానలో ఆడపిల్లను కన్నదని, అమ్మ వస్తేనే పాపకు మూడోనాటి స్నానమని ఫోనొచ్చింది. మరునాడే ఆ మూడోనాడు. పొద్దున్నే తిమ్మమ్మ మద్దిలేటిని వెంటబెట్టుకుని బస్టాండుకు పోయింది. ఒక చేతిలో పాపకు పాత చీరల మూట. రెండో చేయి మెడ మీద. బస్సెక్కాలంటే రాడ్డు పట్టుకోవాలి. రెండు బస్సులు వెళ్లిపోయాయి.

"నీ మెడ నేను వట్టుకుంట. నువ్వు రాడ్డు వట్టుకో" అన్నాడు మద్దిలేటి.

మూడో బస్సు మెట్ల మీద ఆయన వెనక నుంచి ఆమె మెడను రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. లోపలివాళ్లు చూశారు. దొంగ అనుకుని నలుగురు దూకి ఆయన చొక్కా పట్టుకున్నారు.

"దినాం గిదే పనా నీకు?"

"నా పెండ్లామే" అన్నాడు మద్దిలేటి, మెడ వదలకుండా.

"పెండ్లామైతె పిసికి సంపుతవా?"

ఒకాయన చేయెత్తాడు. తిమ్మమ్మ మూట కింద పడేసి, రెండు చేతులతో ఆ చెయ్యి పట్టుకుంది. ఇంకొకణ్ని నెట్టింది. మూడోవాడి జుట్టు దొరికితే అదీ గుంజింది.

"ఇడువుండ్రి. నేనే వట్టుకోమన్న."

బస్సంతా ఆ భార్యాభర్తలను వింతగా చూసింది. మూట ఎవరో అందించారు, సీటు ఇంకెవరో ఇచ్చారు. గుండీలు తెగిన చొక్కాతో మద్దిలేటి పక్కన ఒదిగి కూర్చున్నాడు. ఊరు దాటాక నెమ్మదిగా అడిగాడు.

"వట్టుకోనా?"

"వద్దు" అంది తిమ్మమ్మ, మూట మీద రెండు చేతులూ పెట్టుకుని. "నీ మెడ గీరుకపోయింది. నీది నువ్వు సూస్కో."