పక్కింటావిడ గోడ మీద ఖాళీ మేకు

"పసిపిల్లని శ్మశానానికి పంపుతావుటే? మతి పోయిందా నీకు?"

"అది పార్క్‌లా ఉంటుందమ్మా. స్కూల్ ప్రాజెక్ట్‌కి నాలుగు ఫొటోలు తీసుకుని వచ్చేయడమేగా."

"పచ్చగడ్డి పెంచితే శ్మశానం పార్కైపోతుందా? పైగా రెండు గంటల దారి. పెట్రోలు దండగ."

"పెట్రోల్ నేను కొట్టిస్తాలే. అంత భయమైతే నువ్వూ రా. పక్కింటావిడ పొద్దుటే రెడీ అయి కూర్చుంది. రావట్లేదని నువ్వే వెళ్ళి చెప్పు."

చాలా ఏళ్ళ కిందట అమెరికాలో, బాతెల్ అనే ఊళ్ళో మా అమ్మాయికీ నాకూ జరిగిన ఈ పోట్లాట మొన్న మళ్ళీ చెవిలో వినిపించింది. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్న మా మనవరాలు పాత ఫొటోలు సర్దుతూ ఒకటి నా ఫోనుకి పంపింది. అందులో ఒక సమాధిరాయి ముందు కొంగు బిగించి నేను, నా అరచేతి నిండా విభూతి.

ఆ పక్కింటావిడకి అప్పటికే ఎనభై దాటాయి. మా అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకి పోతే, బడి నుంచి వచ్చిన పిల్లని తీసుకుని నేను వాళ్ళింటికి వెళ్ళి కూర్చునేదాన్ని. నేను చదివింది మూడో తరగతి, ఆవిడకి తెలుగు రాదు, ఇద్దరికీ మధ్య పదేళ్ళ మనవరాలే నోరు. వాళ్ళ హాలు గోడ మీద వరసగా ఆవిడ తల్లి, అమ్మమ్మ ఫొటోలుండేవి, ఆ పైన ఒక ఖాళీ మేకు. ఖాళీ మేకు దిగ్గొట్టి ఉంచడం నా కంటికి నచ్చక ఒకరోజు అడిగించాను. ఆవిడ సొరుగులోంచి అరచేయంత ఫొటో తీసి చూపించింది. మెడదాకా బొత్తాలు పెట్టుకున్న సన్నటి మనిషి, ఆవిడ అమ్మమ్మకి తల్లి. అమ్మమ్మకి రెండేళ్ళప్పుడు, తండ్రి ఆ పిల్లని మేనత్త ఇంట్లో దింపి పోయాడట. తల్లి ఎవరితోనో లేచిపోయిందని ఆ ఇంట్లో అనేవారట. ఆ మాట మోస్తూనే అమ్మమ్మ ముసలిదై పోయింది. నిజమేదో తేలేదాకా ఆ ఫొటో గోడకెక్కదని ఈవిడ పట్టు పట్టింది. కాగితాల్లో వెతికితే ఆ ఏడాది తరవాత తల్లి పేరు ఎక్కడా లేదు. లేకపోయేసరికి ఆ నింద నిజమేనేమోనని ఆవిడకి బెంగ పట్టుకుంది. చివరికి ఆ అమ్మమ్మ తండ్రి సమాధి ఒకటి ఉందని తెలిసింది, మా మనవరాలు దాన్నే స్కూల్ ప్రాజెక్ట్‌కి ఎంచుకుంది. అక్కడ తేలకపోతే తన కాలంలో ఇక తేలదు అంది పక్కింటావిడ.

ఆ మాట విన్నాక ఎలా కాదంటాను? తిట్టుకుంటూనే బయలుదేరాను, గాలీ ధూళీ సోకకుండా పాత ప్రకటన కాగితంలో ఇంత విభూతి పొట్లం కట్టుకుని.

దారి పొడుగునా సన్నటి వాన. మేం చేరేసరికి వెలిసింది. నాచు పట్టిన నల్లరాయి పైభాగాన ఆ తండ్రి పేరు ఒక్కటే తెలుస్తోంది, కింద వానకి అరిగి చదునుగా కనిపిస్తోంది. పక్కింటావిడ తడిగడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో ఆ రాతిని తడుముతూనే ఉండిపోయింది. ఓదార్చడానికి నా దగ్గర ఆవిడ భాష లేదు. మనవరాలి నుదుట విభూతి పెట్టాను, ఆవిడ తల వంచితే ఆవిడకీ పెట్టాను. మరి కిందనున్నవాళ్ళు మాత్రం ఏం పాపం చేశారని, మిగిలినదంతా ఆ రాతికి అడ్డంగా పులిమేశాను. మా అమ్మాయి "అయ్యో అమ్మా, అది ముట్టుకోకూడదు" అంటూనే ఉంది.

"అమ్మమ్మా, లెటర్స్ వస్తున్నాయి," అంది మనవరాలు.

బూడిద నిండిన గాట్లు తెల్లగా తేలాయి. ఆ తండ్రి పేరు కింద ఆయన భార్య పేరు, దాని కింద పేరైనా పెట్టని మగబిడ్డ. తల్లీ బిడ్డా పోయింది ఒకే రోజు, పిల్లని మేనత్త ఇంట్లో దింపిన ఏడాదే. మనవరాలు కూడబలుక్కుని నాకు చెప్పింది. "తను ఎవరితోనూ పోలేదు అమ్మమ్మా. బేబీ పుడుతుంటే చనిపోయింది."

పక్కింటావిడ ఆ రాతికి నుదురు ఆనించి ఏడ్చింది, లేచేటప్పుడు మాత్రం నా చెయ్యి పట్టుకుని నవ్వింది. ఇంటికొచ్చాక తలస్నానం చేయనిదే ఎవరినీ గడప తొక్కనివ్వలేదు. అది విని పక్కింటావిడ కూడా తలకి పోసుకుని, తడిజుట్టుతో వచ్చి నాకు చూపించి పోయింది.

ఇప్పుడు అలాంటివన్నీ కూర్చున్నచోటే ఫోనులో తెలిసిపోతాయంటుంది మనవరాలు. ఏమో. మా అమ్మమ్మ తల్లి పేరేమిటో ఏ ఫోను చెబుతుంది? ఆవిడకి ఫొటో లేదు, రాయీ లేదు, బూడిద ఏటిలో కలిపేశారు. అడగవలసినవాళ్ళు ఉన్నన్నాళ్ళూ నేను అడగనూ లేదు.

ఆ సమాధి చూసొచ్చిన మర్నాడు పొద్దున్న పులిహోర గిన్నె పట్టుకుని పక్కింటావిడ దగ్గరికి వెళ్ళాను. ఆ మేకుకి ఫొటో తగిలించి ఉంది. కొంచెం ఒరిగి ఉంటే, నేనే సరిచేశాను.