ఆముదం మిల్లు వాకిట్లో బండ

డెబ్బై ఎనిమిదేళ్ల కాటయ్య పొద్దున్నే గొర్రెలను కోడలికి అప్పగించి, భుజాన గొంగడి వేసుకొని సూర్యాపేట పాత ఆముదం మిల్లుకు వచ్చాడు. గొంగడి తప్పకుండా వేసుకు రమ్మని కబురు పెట్టారు. ఫొటోల్లో బాగుంటుందట.

అది 2012, ఫిబ్రవరిలో ఒక ఆదివారం. మిల్లు కట్టించిన దొరకు మునిమనవడు కార్తీక్. నేరేడుచర్లలో రెండు రైసుమిల్లుల యజమాని. ఊరి చరిత్ర ఊరికి తెలియాలని ఉన్నట్టుండి జ్ఞానోదయమై, 'పరిశ్రమల చరిత్ర నడక' అని ఒకటి పెట్టాడు. ముప్పై మంది టోపీలు పెట్టుకొని, నీళ్ల సీసాలు పట్టుకొని దిగారు. నడిచేది అర కిలోమీటరు. ఏటేటా మేతకు తుంగతుర్తి దాకా మందను తోలిన కాటయ్యకు ఆ సరంజామా చూసి లోపల నవ్వొచ్చింది.

అతను ఒకే షరతు మీద వచ్చాడు. మిల్లు వాకిట్లో ఉన్న బండ సంగతి తనే చెప్పాలి. చివర్లో రెండు నిమిషాలు ఇస్తానని కార్తీక్ ఒప్పుకున్నాడు. తండ్రి జానయ్య పేరు ఆ వాకిట్లో నలుగురి ముందు చెప్పడానికి కాటయ్య అరవై ఏడేళ్లు ఆగాడు. రెండు నిమిషాలు చాలనుకున్నాడు.

కార్తీక్ మైకు అందుకున్నాడు. ఇక్కడి ఆముదం బండ్ల మీద కోదాడ దాటి బెజవాడకు, అక్కడి నుంచి రైలెక్కి, రేవులో ఓడలెక్కి తెల్లదొరల యుద్ధానికి పోయిందని, వాళ్ల ఇంజన్లు మన నూనెతోనే తిరిగాయని ఛాతీ పొంగించి చెప్పాడు. ఆ ఆముదాలు కొట్టింది ఎవరో, వాళ్లకు కూలి ఎందుకు లేదో మాత్రం చెప్పలేదు. వెట్టి అన్న మాట ఒక్కసారి కూడా నోట రాలేదు. పనివాళ్లంతా మా ఇంటి మనుషుల్లా ఉండేవాళ్లన్నాడు. ఇంటి మనుషులకు అన్నం పెట్టకుండా పని చేయించే ఇల్లు ఎలాంటిదో కాటయ్యకు అంతు పట్టలేదు.

ఆఖరున బండ దగ్గర ఆగారు. పక్కన కొత్త బోర్డు: ఊరి యువకులు బలం చూపుకోవడానికి ఎత్తిన రాయి. పెద్దాయనకు ఎండ తగులుతోంది, ఇక టిఫిన్లకు వెళ్దామన్నాడు కార్తీక్. ఆ రెండు నిమిషాలు కూడా మింగేశాడు.

కాటయ్య కదల్లేదు.

"ఇది ఎత్తే రాయి కాదు బిడ్డా," అన్నాడు. ఆ ఇంటివాళ్లను దొరా అనకుండా పిలవడం అతనికి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. "ఎట్ల వాడుతరో నేను సూపిస్త. జర వంగు."

కార్తీక్ నవ్వాడు. రోజూ జిమ్‌లో పెంచుతున్న వీపు, ఎదురుగా ముప్పై సెల్‌ఫోన్లు. వెనక్కి తగ్గితే పరువేం కావాలి? మోకాళ్లు పట్టుకొని వంగాడు. కాటయ్య గుంపులోని ఇద్దరు కాలేజీ లెక్చరర్లను పిలిచి, బండను ఆ వీపు మీద పెట్టించాడు. తర్వాత తాపీగా అరుగు మీద కూర్చొని చెప్పడం మొదలుపెట్టాడు.

మిల్లులో ఆముదం పిండిని చుట్టి నూనె ఒత్తడానికి ఉన్ని పట్టలు కావాలి. గొంగళ్లు నేసే కురుమల ఇళ్ల నుంచి ఇంటికి నెలకు రెండు, ఊరికే ఇవ్వాలి. అమ్మ వడికేది, నాయన నేసేవాడు. ఒక నెల అమ్మకు జ్వరమొచ్చి ఉన్ని వడకలేదు. జానయ్యను ఇదే వాకిట్లో, ఇలాగే వంగబెట్టారు. పొద్దున పెట్టిన బండ పొద్దు తిరిగాక తీశారు. జానయ్య నడుము మళ్లీ లేవలేదు. చచ్చేదాకా నేలను చూస్తూనే నడిచాడు. ఆ మగ్గాన్ని కాటయ్య మళ్లీ ముట్టలేదు, గొర్రెల వెంట పోయాడు.

కార్తీక్ మెడ నరాలు ఉబ్బాయి. తీయండి, తీయండి అని గొణిగాడు. లెక్చరర్లు ముందుకు కదిలారు.

"ఆగుండ్రి," అన్నాడు కాటయ్య. "నాకిచ్చిన రెండు నిమిషాలు ఇంక కాలె."