రంగు ఆరేదాకా ఆగని మాస్టారు

సన్యాసిరావు మాస్టారు మొన్న మంగళవారం కన్నుమూశారన్న వార్త ఆమదాలవలసలో మమ్మల్ని నిశ్చేష్టుల్ని చేసింది. సంతాపసభలో అందరూ ఆయన పాండిత్యాన్నే కొనియాడారు. ఆయన నోటి క్రౌర్యాన్ని, అందులో నా భాగాన్ని ఎవరూ ప్రస్తావించలేదు. గ్రంథాలయం అటెండరు రమణకు ఆయన చెప్పదలచిన మాట నా మూలాన చేరకుండానే పోయింది. అందుకే ఇది రాసిపెట్టడం నా విధి.

కాలేజీ గడప తొక్కని నాకు నిఘంటువు చూడటం నేర్పింది మాస్టారే. ఆదివారాలు గ్రంథాలయంలో ఉచితంగా ఇంగ్లీషు చెప్పేవారు. విసుగెత్తేలా సాగేవాటికి ఇంగ్లీషువాళ్లు వాడే మాటలంటే ఆయనకు ప్రాణం. ‘ఎ మంత్ ఆఫ్ సండేస్’ అంటే నెలంతా ఆదివారాలే గడిచినంత కాలం. ‘టిల్ ద కౌస్ కమ్ హోమ్’ అంటే ఆవులు ఇల్లు చేరేదాకా.

“మా ఆవులు అయిదింటికే వచ్చేస్తాయి కద మాస్టారూ?” అన్నానోసారి.

“ఒరే, నీ వాక్యం ముగిసేలోపు అవి వచ్చి, పాలిచ్చి, పడుకుంటాయిరా!”

ఊళ్లో ఏ సభ జరిగినా గంట ఆయన చేతికే ఇచ్చేవారు. వక్త సాగదీస్తే గంట కొట్టి, ఓ ఇంగ్లీషు మాట విసిరి కూర్చోబెట్టేవారు.

రమణకు నత్తి. పదవీ విరమణనాడు మొదటిసారి మైకు పట్టుకుని, ఒక్కొక్కరి పేరూ చెప్పి దండం పెడుతున్నాడు. “స... స... సన్యా...” దగ్గర ఆగిపోయాడు. మాస్టారు గంట కొట్టారు. “వాచింగ్ పెయింట్ డ్రై!” గోడకు వేసిన రంగు ఆరడం చూస్తున్నట్టుందని. నాకు అర్థమైందని నలుగురికీ తెలియాలని అందరికంటే గట్టిగా నవ్వాను. రమణ మైకు బల్లమీద పెట్టి దిగిపోయాడు. మళ్లీ గ్రంథాలయానికి రాలేదు.

పక్షవాతంతో మాస్టారికి మాట దాదాపు పడిపోయాక, ఆయన భార్య నరసమ్మగారు కబురు చేశారు. “రమణకి ఏటో సెప్పాలంతన్నారు బాబూ. నువ్వు ఇని, ఎల్లి సెప్పాలట.”

మంచం పక్కన కూర్చున్నాను. “రమ... రమణ...” తర్వాతి మాటకోసం పావుగంట పెనుగులాడారు. శ్రీకాకుళం బస్సు వేళవుతోందని గడియారం చూసుకున్నాను. ఆయన అది చూసి నోరు మూసుకున్నారు.

“ఉండు బాబూ, వస్తన్నాది మాట,” అన్నారు నరసమ్మగారు.

“రేపొస్తానమ్మా,” అని లేచాను. తెల్లారేసరికి ఆయన లేరు.

రమణ ఇంటికి వెళ్లి జరిగింది చెప్పాను. “క్షమించమనే అనబోయారు,” అన్నాను.

“అ... అన్నారేటి?”

“అనలేదు.”

“ఇ... ఇనకుండా ఒచ్చీసి, నీ... నీ మాట ఆయన మాటలాగ సెప్తావేటి? ఎల్లు.”

అంతటి గురువు మాకు మళ్లీ దొరకరు. మాస్టారూ, మీకు నమస్కారం. ఆయన ఆదివారం పాఠాలు రాసుకున్న నోటుపుస్తకం చూడనిచ్చిన నరసమ్మగారికి, ఇంగ్లీషు మాటలు సరిచూసిన గ్రంథాలయాధికారి భాస్కరరావుగారికి, గుమ్మంలోనే నిలబెట్టినా తన వాక్యం చివరిదాకా వినిపించిన రమణకు నా కృతజ్ఞతలు.