గట్టి మనిషికీ నొప్పేనా?

మా ఆవిడ సుకుమారి కాబట్టే నెలనెలా కడుపునొప్పితో ముడుచుకుపోతుందని బంధువులందరికీ చెప్పినవాణ్ణి నేనే. ఆ మాట తప్పని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఒకసారి అక్కుపల్లి నుంచి పలాస వస్తుంటే, చేపలమ్మే ఒకామె తన గంప తనే ఎత్తుకుని బస్సెక్కింది. "జరుగు మావా, గంపకన్నా నువ్వే అడ్డంగున్నావు" అని కండక్టరును ఆటపట్టించి బస్సంతా నవ్వించింది. నా పక్కన కూర్చున్న కాసేపటికే సంచిలోంచి వేడినీళ్ళ సీసా తీసి పొత్తికడుపుకి అదుముకుని కళ్ళు మూసుకుంది. నేను వింతగా చూస్తున్నానని ఆమెకు తెలిసిపోయింది.

"నెల నొప్పి బాబూ. ఏటలాగ సూత్తన్నావు?"

"మా ఆవిడకి సుకుమారి కాబట్టే వస్తుందనుకున్నా. నీలాంటి గట్టి మనిషికీ వస్తుందా అని."

"నవ్వేదానికి కడుపుండదేటి? నిద్ర సాలకపోయినా, తిండి మానేసినా నాకు మరీ ఎక్కువ. మా సెల్లి నోట్లో నాలిక లేని మనిషి, దానికి నొప్పంటే ఏటో తెలీదు. మీ ఇంటావిడ పొద్దున్న ఏటి తింతాది?"

మా ఆవిడ నాలుగింటికే లేచి, అందరికీ వండిపెట్టి, జీడిపప్పు పొట్టు తీసే పనికి పోతుంది. ఏం తిని వెళ్తుందో ఇరవై రెండేళ్ళ కాపురంలో నేను చూడలేదు.

"టీ తాగుతుందనుకుంటా" అన్నాను.

"అనుకుంతన్నావా!" అందామె. ఈసారి నవ్వలేదు.

మర్నాడు పొద్దున్న మా ఆవిడ పనికి బయల్దేరుతుంటే, "ఏమైనా తిన్నావా?" అని అడిగాను. చెప్పులు వేసుకుంటున్నదల్లా ఆగి, నా నుదుటిమీద చెయ్యి పెట్టి చూసింది.

"ఒంట్లో బాగాలేదేటి మీకు?" అంది.